రెండిళ్లు, ఒక్క తల: పేలు వదిలించడంలో మా అనుభవం

మా పాపకి ఎనిమిదేళ్లు. వాళ్ల నాన్నా నేనూ విడివిడిగా ఉంటున్నాం, కేసు ఫ్యామిలీ కోర్టులో నడుస్తోంది. నేను మియాపూర్‌లో ఉంటాను. ఆయనా, మా అత్తగారూ వనస్థలిపురంలో ఉంటారు. రెండో శనివారం, నాలుగో శనివారం పొద్దున అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో పాపని ఆయనకి అప్పజెబుతాను, ఆదివారం రాత్రి అక్కడే తీసుకుంటాను. పండగ సెలవులు చెరి సగం. పేలకి ఏ మందు పెట్టాలో చెప్పేవాళ్లు నాకు చాలామంది దొరికారు. పిల్ల నెలకి రెండుసార్లు ఇల్లు మారుతుంటే ఆ రెండో ఇంటితో ఎలా నెగ్గుకురావాలో చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

2025 జూన్ 12న బడులు తెరిచారు. వేసవి సెలవుల్లో సగం రోజులు పాప వాళ్ల నాన్నమ్మ దగ్గరే ఉంది. నెలాఖరులో స్కూల్ డైరీలో క్లాస్ టీచర్ ఒక ముక్క రాసి పంపారు, పాప తల ఒకసారి చూడండి అని. రాత్రి ట్యూబ్‌లైట్ కింద చూస్తే నాకేమీ కనపడలేదు. మర్నాడు పొద్దున బాల్కనీలో ఎండకి కూర్చోబెట్టి పాయలు తీస్తే చెవుల వెనకా, మెడ దగ్గరా వెంట్రుకలకి అంటుకుని ఈపులు. నా ముఖం వేడెక్కిపోయింది. పిల్లని సరిగ్గా చూసుకోవడం లేదని ఎవరో నా మీద రాసిపెట్టినట్టు అనిపించింది. కేసులో ఉన్న తల్లికి ఇలాంటిది ప్రతిదీ రేపు కాగితం మీదకి ఎక్కుతుందేమోనన్న భయం ఒకటి వెన్నంటే ఉంటుంది. అది పడినవాళ్లకే తెలుస్తుంది.

మెడికల్ షాపుకి వెళ్లి పేలని చంపే మందు పెర్మెత్రిన్ అడిగితే అబ్బాయి అయిదు శాతం క్రీము తీసిచ్చాడు. అది గజ్జికి. పేలకి కావలసింది ఒక శాతం లోషన్. కొనేటప్పుడు సీసా మీద అంకె చూసుకోండి. కండిషనర్ లేని షాంపూతో తల కడిగి, తువ్వాలుతో తుడిచి, తడిగా ఉండగానే మందు మాడుకి పట్టించి, పది నిమిషాలకి కడిగేయాలి. బాత్‌రూమ్‌లో నిలబెట్టి తలస్నానంలా పోస్తే మందు ఒళ్లంతా కారుతుంది కాబట్టి వాష్‌బేసిన్ మీదకి తల వంచి కడిగాను. దువ్వుతుంటే తెల్ల తువ్వాలు మీద నువ్వుగింజలంత పేలు చచ్చి పడ్డాయి. పోయాయనుకున్నాను.

జూలై 12, 13 తారీఖులు రెండో శనివారం, ఆదివారం. లష్కర్ బోనాలు ఆ ఆదివారమే. పాప పట్టులంగా వేసుకుని, జడనిండా మల్లెపూలతో వచ్చింది. రాత్రి పూలు తీస్తుంటే ఒక పేను నా వేలి మీదకి పాకింది. కోపం ఆగలేదు. "మీ ఇంటి నుంచి మళ్లీ పేలతో వచ్చింది" అని ఆయనకి మెసేజ్ పెట్టాను. "ఇక్కడ ఎవరికీ లేవు. నీ దగ్గర స్కూల్ నుంచే వచ్చుంటయి" అని జవాబు. ఆ రాత్రే మళ్లీ మందు పెట్టాను. జూలై 26 శనివారం మధ్యాహ్నం ఆయన దగ్గర్నుంచి ఫోటో వచ్చింది. తెల్లగుడ్డ మీద బతికున్న పేను, కింద "ఇది ఇయ్యాల పొద్దున నీ ఇంటి నుంచి వచ్చింది" అని. నా లాయరు గారికి ఈ సంగతి చెబితే, ఈ మెసేజ్‌లన్నీ తీసేయకుండా దాచండి, పనికొస్తాయన్నారు. ఆయన లాయరు కూడా అదే చెప్పి ఉంటారు. అలా పాప నెత్తిమీది పేలు రెండు ఫోన్లలో సాక్ష్యాలయ్యాయి.

ఈ గొడవలో పాప ఏం చేస్తోందో ఆ ఆదివారం రాత్రి మెట్రోలో తెలిసింది. నా పక్కన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. చలేస్తోందా అని అడిగాను. కాదంది. కూకట్‌పల్లి దాటాక మెల్లగా చెప్పింది, "అక్కడ గోక్కుంటే నాన్న నిన్ను అంటాడు. ఇక్కడ గోక్కుంటే నువ్వు నాన్నమ్మని అంటావు." దురదని ఆపుకోవడానికి చేతుల మీద కూర్చుందన్నమాట. ఇంకో మాట కూడా అడిగింది. "నాకు రెండిళ్లు ఉన్నాయి కాబట్టే పేలు వచ్చాయా అమ్మా?" నేను లేదన్నాను గానీ నా గొంతు నాకే వినపడలేదు.

ఆగస్టు 9 రాఖీ పండగ, ఆ రోజే రెండో శనివారం కూడా. మా ఆడపడుచు పిల్లలతో పుట్టింటికి వచ్చింది. పెద్దమ్మాయి గురుకులంలో చదువుతుంది, సెలవులకి ఇంటికొస్తుంది. పిల్లలందరూ ఒకే మంచం మీద, ఒకే ట్యాబ్‌లోకి తలలు కలిపి పడుకున్నారట. ఆదివారం పొద్దున మా అత్తగారు కిందటేడు దాచిన సీతాఫలం గింజలు పొడి కొట్టి, కొబ్బరినూనెలో కలిపి పాప తలకి పట్టించి గుడ్డ కట్టారు. కడిగేటప్పుడు ఆ నీళ్లు కంట్లోకి పోయాయి. రాత్రి అమీర్‌పేటలో పాప కుడి కన్ను తెరవలేక నాన్న చొక్కా పట్టుకుని నిలబడి ఉంది. కన్ను చింతనిప్పులా ఎర్రబడింది. ఆయన ముఖంలో కూడా రంగు లేదు. "నీళ్లతోని బాగ కడిగినం" అన్నాడు. నేనేమీ మాట్లాడకుండా పాపని తీసుకుని రైలెక్కాను.

సోమవారం పొద్దున్నే కంటి ఆసుపత్రి. ఓపీ అయిదువందలు, చుక్కలమందులకి మూడువందల పైన. డాక్టరు గారు కంట్లో పసుపురంగు చుక్క వేసి నీలం లైటుతో చూశారు. నల్లగుడ్డు మీద పైపొర లేచిపోయిన చోటల్లా పచ్చగా మెరిసింది. నాక్కూడా చూపించారు. "సీతాఫలం గింజలా?" అని నేను చెప్పకముందే అడిగారు. పేలకని ఆ పొడి పెట్టి కళ్లు దెబ్బతిన్నవాళ్లు ఏటా వస్తూనే ఉంటారట. సమయానికి చుక్కలు వేస్తే మానిపోతుందనీ, వదిలేస్తే చూపుకే ప్రమాదమనీ చెప్పారు. మూడు రోజులు గంటగంటకీ చుక్కలు వేశాను. ఆఫీసుకి సెలవు పెట్టాను. గురువారం మళ్లీ చూసి మానిపోయిందన్నాక గానీ నాకు అన్నం సయించలేదు. దయచేసి సీతాఫలం గింజలు పిల్లల తలకి పెట్టకండి. కిరసనాయిలు, కర్పూరం కలిపిన నూనె, దోమల స్ప్రే కూడా అంతే. ఇవన్నీ నాకు ఎవరో ఒకరు చెప్పినవే.

ఈ మధ్యలో బుధవారం, ఆగస్టు 13న చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఫీజు ఆరువందలు, బయట రెండు గంటలు కూర్చున్నాం. ఆవిడ పాప తల చూడ్డానికంటే నాతో మాట్లాడటానికే ఎక్కువ సమయం తీసుకున్నారు. పాప ఎవరి పక్కన పడుకుంటుంది, అక్కడ ఎవరి పక్కన, ఎవరెవరి తలలు చూశారు అని అడిగారు. నా దగ్గర ఒకదానికే జవాబుంది.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనట్టు చెబుతాను. లోషన్ పేలని చంపుతుంది, ఈపులన్నిటినీ చంపదు. మిగిలిన ఈపులు వారం, పది రోజుల్లో పగులుతాయి. అలా పుట్టినవి పెరిగి మళ్లీ గుడ్లు పెట్టేలోపు రెండోసారి మందు పడాలి, అంటే మొదటిసారి పెట్టిన రోజు వదిలేసి లెక్కపెడితే తొమ్మిదో రోజు. నేను జూన్‌లో ఒక్కసారి పెట్టి ఊరుకున్నాను, ఎందుకంటే రెండోసారి పెట్టాలని షాపులో ఎవరూ చెప్పలేదు. జూలైలో ఆయన ఇంట్లో పడింది మా ఇంట్లో మిగిలిన ఈపుల్లోంచి వచ్చిందో, వాళ్లింట్లో ఎక్కినదో ఎవరూ తేల్చలేరు. పేను ఎగరదు, దూకదు. తలకి తల ఆనినప్పుడు పాకుతుంది. మనిషి తల నుంచి కిందపడితే రెండు రోజులకి మించి బతకదు. అందుకని పరుపులు ఎండలో వేసి నడుం విరగ్గొట్టుకోనక్కర్లేదు, రెండు రోజులుగా వాడిన దిండు గలీబులు, తువ్వాళ్లు వేడినీళ్లలో ఉతికితే చాలు. అసలు పని దువ్వెనది. మందు పెట్టిన రెండు రోజులదాకా తల కడగకూడదు. ఆ తర్వాత మూడు రోజులకోసారి తలకి కండిషనర్ పట్టించి స్టీలు పేలదువ్వెనతో మాడు నుంచి కొసదాకా దువ్వాలి. ఇక అన్నిటికంటే ముఖ్యమైంది, రెండిళ్లలోనూ అందరి తలలూ చూసి, పేలున్నవాళ్లందరికీ, పాపతో ఒకే దిండు మీద పడుకునేవాళ్లకీ, ఒకే రోజు మందు పెట్టాలి. "ఒక ఇంట్లోనే చేస్తే మళ్లీ నా దగ్గరికే వస్తారు" అన్నారు.

కన్ను మానాక మొదలుపెట్టమన్నారు కాబట్టి ఆగస్టు 15 శుక్రవారం అనుకున్నాం. ఇంటికొచ్చి క్యాలెండర్‌లో లెక్కపెడితే తొమ్మిదో రోజు ఆగస్టు 24 ఆదివారం. అది నాలుగో వారం. పాప ఆ రోజు వాళ్ల దగ్గర ఉంటుంది.

ఆ బుధవారం సాయంత్రమే లాయరు గారు ఫోన్ చేశారు. కంటి డాక్టరు చీటీ జతచేసి పిటిషన్ వేస్తే శని, ఆదివారాలు అక్కడ ఉంచడం ఆపించవచ్చన్నారు. నేను వద్దన్నాను. నాకు కోపం తగ్గలేదు, ఇవాళ్టికీ పూర్తిగా తగ్గలేదు. కానీ ఆ కన్ను చూసుకుని నాన్నమ్మ ఎలా ఉండి ఉంటుందో కూడా నాకు తెలుసు. పాప పుట్టినప్పుడు ఆవిడ నలభై రోజులు కిందపడుకుని నాకు చేసింది. ఆ ఇంట్లో పాప తల పట్టుకుని గంటసేపు ఓపిగ్గా దువ్వేది ఆవిడ ఒక్కతే. పిటిషన్ వేసినా పేలు కోర్టు మాట వినవు, ఆవిడ చేయి ఉంటే పోతాయి.

ఆయనకి కాకుండా నేరుగా ఆవిడకే ఫోన్ చేశాను. విడిగా వచ్చేశాక మేమిద్దరం మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

"అత్తమ్మా, నేను."

కాసేపు మాట లేదు. "కన్నెట్లుంది బిడ్డా?"

"తగ్గుతోంది. రేపు మళ్లీ చూపించాలి."

ఏడ్చింది. "మంచికే జేసిన. నా బిడ్డలకు సుత గదే పెట్టిన. గిట్లయితదని నాకెర్కనా?" అంది. నేను తిట్టడానికి చేయలేదని చెప్పి, డాక్టరు చెప్పినవన్నీ ఒక్కొక్కటే చెప్పాను. పదిహేనో తారీఖు సాయంత్రం మీ ఇంట్లో అందరూ పెట్టుకోవాలి, ఇరవైనాలుగున పాపకి మీరే పెట్టాలి అన్నాను.

"మల్ల నా చేతికిస్తవా పిల్లను?"

"మీరు కాకపోతే ఎవరు పెడతారు అత్తమ్మా? మీ కొడుక్కి జడ వేయడం కూడా రాదు."

ఆవిడ ముక్కు చీదుకుంటూనే నవ్వింది. ఆడపడుచుకి మాత్రం ఒప్పించడం కష్టమైంది. "మా పిల్లలకేం లేవు" అని కూర్చుందట. అత్తగారు పిల్లల్ని వాకిట్లో కూర్చోబెట్టి ఈర్పెన తీసి గీస్తే పెద్దపిల్ల తలలో బోలెడున్నాయి. హాస్టల్లో అంతమంది పిల్లలు పక్కపక్కనే పడుకుంటారు, ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది? ఆ పిల్లని ఏమీ అనొద్దని మరీ మరీ చెప్పాను. మందు ఎవరు కొనాలన్న దగ్గర మాట పెరుగుతుందేమో అని భయపడ్డాను. ఎవరి ఇంటికి కావలసింది వాళ్లమే కొన్నాం. పొడుగు జుట్టుకి ఒక సీసా సరిపోదని మాత్రం ముందే తెలుసుకోండి. మా పాప నడుం దాకా ఉన్న జుట్టుకి రెండు పట్టాయి. జుట్టు కత్తిరించేద్దామా, తిరుపతిలో గుండు చేయిద్దామా అన్న మాట రెండువైపులా వచ్చింది. పాప ససేమిరా అంది. ఈ వ్యవహారంలో దాని మాట చెల్లాల్సింది ఒక్కటైనా ఉండాలనిపించి ఎవరం బలవంతం చేయలేదు.

పదిహేను సాయంత్రం పాపకి పెట్టాను. మరి నా తల? ఒంటరిగా పిల్లతో ఉండే ఆడదాని తల చూసేవాళ్లు ఎవరు? నాకు రెండు వారాలుగా మెడ దగ్గర దురద. చెమట అనుకున్నాను. ఎనిమిదేళ్ల పిల్ల చూసి "ఏం లేవమ్మా" అంది గానీ దానికేం కనపడుతుంది? దువ్వెన కవర్లో పెట్టుకుని పైఫ్లోర్ ఆంటీ గుమ్మం ముందు చాలాసేపు నిలబడ్డాను. బెల్ కొట్టాక కూడా వెనక్కి వెళ్లిపోదామనిపించింది. ఆవిడ విషయం విని ఒక్క ప్రశ్న వేయకుండా కళ్లజోడు తెచ్చుకుని, స్టూలు లాగి కూర్చోమన్నారు. మూడు పేలు తీశారు. పాపా నేనూ ఒకే దిండు మీద పడుకుంటాం మరి. ఆ రాత్రి నేనూ మందు పెట్టుకున్నాను.

దువ్వడం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే పని అంతా అందులోనే ఉంది. జుట్టు నాలుగు పాయలు చేసి మూడింటికి క్లిప్పులు పెట్టాలి. వేలెడు వెడల్పు మించకుండా ఒక్కో పొర విడదీసి, దువ్వెన పళ్లు మాడుకి తగిలేలా పెట్టి కొసదాకా లాగాలి. లాగిన ప్రతిసారీ తెల్ల టిష్యూ మీద తుడిచి చూడాలి. కండిషనర్ జిగురులో పేను కదలలేదు, అలా దొరికిపోతుంది. మొదటిరోజు నాకు గంటన్నర పట్టింది, పాప మెడ పట్టేసిందని ఏడ్చింది. రెండోసారి నుంచి ఫోన్లో కథలు పెట్టి, మధ్యలో లేచి తిరగనిచ్చాను. ప్లాస్టిక్ దువ్వెన పళ్లు వంగిపోతాయి, డబ్బు దండగ. స్టీలుది రెండువందల యాభై పెట్టి రెండు కొన్నాను, ఒకటి వాళ్లింటికి పంపాను. దాంతోపాటు ఒక నోటుబుక్ కూడా పాప బ్యాగులో పెట్టాను. ఏ రోజు దువ్వారు, ఏం దొరికింది, ఎవరు దువ్వారు, అంతే రాయాలి. వేరే మాట ఒక్కటి కూడా అందులో రాయకూడదని ఆయనకీ చెప్పాను, నేనూ పాటించాను. ఈ బుక్ మొదలయ్యాక మెసేజ్‌లు ఆగిపోయాయి.

24న నేను ఇంట్లో కుదురుగా ఉండలేకపోయాను. పదకొండింటికి వీడియో కాల్ వచ్చింది. వాకిట్లో మావయ్యగారి పాత తెల్లపంచె పరిచారు. అత్తగారి మోకాళ్ల మధ్య పాప, కళ్లకి మడతపెట్టిన తువ్వాలు అదుముకుని కూర్చుంది. ఆయన ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో గడియారం చూస్తూ నిమిషాలు చెబుతున్నాడు. ఆవిడ కడిగేటప్పుడు నీళ్లు ముందుకి రాకుండా పిల్ల తలని వెనక్కి వాల్చి, నుదుటి మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. నేను చెప్పాల్సింది ఏమీ లేకపోయింది. దువ్వితే రెండు చిన్నవి వచ్చాయి, తొమ్మిదో రోజు ఎందుకో అప్పుడు అందరికీ తెలిసింది.

ఆ తర్వాత కూడా రెండు చిక్కులు వచ్చాయి. మందు పెట్టాక కూడా వారం, పది రోజులు దురద ఉంటుంది. అది మాడు మీద చిరాకు వల్ల, పేలున్నాయని కాదు. నేను ఆ రోజుల్లో అర్ధరాత్రి టార్చి వేసి చూసేదాన్ని. రెండోది, సెప్టెంబర్ మొదటివారంలో స్కూల్ నుంచి మళ్లీ చీటీ వచ్చింది, జుట్టులో తెల్లగా కనపడుతున్నాయని. అవి ఖాళీ డొల్లలు. మాడుకి దగ్గరగా గోధుమరంగులో అంటుకుని ఉన్నవాటి గురించే ఆలోచించాలి. వేలి వెడల్పంత దూరం జరిగి తెల్లగా ఉన్నవి ఎప్పుడో పగిలిపోయినవి, జుట్టు పెరిగేకొద్దీ కిందకి వస్తుంటాయి. డాక్టరు గారితో బతికిన పేలు లేవని రాయించుకుని ఇచ్చాక టీచరు పాపని మళ్లీ మొదటి బెంచీలో కూర్చోబెట్టారు. మధ్యలో కొన్ని రోజులు దాన్ని చివర ఒక్కదాన్నే కూర్చోబెట్టారని అప్పుడు తెలిసింది. ఆ ఒక్క సంగతి మాత్రం నోటుబుక్కులో రాయమని పాప అడిగింది. రాశాను.

దసరా సెలవుల్లో రెండో సగం, సెప్టెంబర్ 27 నుంచి, పాప అక్కడ ఉంది. గురుకులం పిల్ల కూడా వచ్చింది. సద్దుల బతుకమ్మ మర్నాడు, అక్టోబర్ 1 పొద్దున, అత్తగారే నాకు ఫోన్ చేసింది. "ఒక్క పేను దొర్కింది బిడ్డా, పెద్దపిల్ల నెత్తిల మస్తున్నయి. ఇయ్యాలనే అందరికి పెడుతున్నం, నువ్వు సుత చూపించుకో" అంది. గుండె గుభేలుమంది గానీ కోపం రాలేదు. తొమ్మిదో రోజు అక్టోబర్ 10, ఈసారి అది నా వంతు. పైఫ్లోర్ ఆంటీ నా తల చూసి ఏమీ లేవన్నారు. పదో తారీఖు రాత్రి పాపకి మందు పెట్టి, మర్నాడు అమీర్‌పేటలో నోటుబుక్ ఆయన చేతిలో పెట్టాను. తెరిచి చదివి, "ఏం దొరకలేదా?" అన్నాడు. లేదన్నాను. "మంచిది" అని పాప బ్యాగు భుజాన వేసుకున్నాడు.

దీపావళి దాటింది, నవంబర్ కూడా సగం దాటింది. ఇప్పుడు వారానికోసారి మాత్రమే దువ్వుతున్నాం, రెండిళ్లలోనూ ఆదివారం పొద్దునే. మా ఇద్దరి మధ్య మిగతావేవీ మారలేదు, కేసు వాయిదాలు వాయిదాల్లాగే ఉన్నాయి. సంక్రాంతి సెలవులకి గురుకులం పిల్ల వస్తుంది కాబట్టి, వచ్చిన రోజు సాయంత్రమే దాని తల చూసి మందు పెట్టాలని, ఆ పెట్టే రోజు నుంచి తొమ్మిదో రోజు ఎవరి దగ్గర పడుతుందో ముందే చూసుకోవాలని అత్తగారూ నేనూ అనుకున్నాం. ఈసారి ఆ పిల్లకి ఒక స్టీలు దువ్వెన నేనే కొని పంపుతానన్నాను, హాస్టల్‌కి తీసుకెళ్లడానికి.